అడగని అంగీకారం

ఒక క్రియాపదం దగ్గర మొదలుపెడతాను. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. ఆ రోజు కోటలో ఉన్న ఆడవాళ్లకీ పిల్లలకీ ఏం జరిగింది? ఈ ప్రశ్నకి తెలుగులో చాలా జవాబులున్నాయి. ప్రాణత్యాగం చేశారు. అగ్నికి ఆహుతయ్యారు. మానం కాపాడుకున్నారు. వీరస్వర్గం చేరారు. ఈ వాక్యాలన్నిటిలోనూ కర్త స్త్రీలే. చరిత్రలో స్త్రీలు వాక్యానికి కర్తలుగా నిలబడే సందర్భాలే తక్కువ. ఏలడం, గెలవడం, రాయడం, శాసనం వేయించడం ఇవన్నీ మగవాళ్ల క్రియలు. తీరా స్త్రీలకి కర్తృత్వం దక్కిన అరుదైన చోట ఆ క్రియ చావడం! అంత ఉదారంగా ఇచ్చిన ఆ కర్తృత్వం నిజంగా వాళ్లదేనా అన్నది నన్ను చాలా ఏళ్లుగా వదలని సందేహం.

ఈ వ్యాసంలో నేను అడగదలుచుకున్నది ఒక్కటే. ఒక్క మాటైనా మిగల్చకుండా చనిపోయినవాళ్ల తరపున "వాళ్లు ఒప్పుకునే చేశారు" అని చెప్పే హక్కు ఎవరికైనా ఉంటుందా? ఉంటే దాన్ని ఎవరిచ్చారు? లేకపోతే, రెండున్నర శతాబ్దాలుగా ఆ మాట చెప్తూ వస్తున్న మన కథలనీ నాటకాలనీ మనం ఏ చూపుతో చదవాలి?

ముందు జరిగిందేమిటో చూద్దాం. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులని ఫ్రెంచివాళ్లకి ఇచ్చాడు. వాళ్ల సైన్యాన్ని పోషించడానికి ఈ నేల మీది శిస్తు కావాలి. ఆ శిస్తు వసూలుకే 1756 చివర్లో బుస్సీ సైన్యంతో ఉత్తరానికి బయల్దేరాడు. విజయనగరం పూసపాటి పెద విజయరామరాజు ఎదురెళ్లి అతనితో చేతులు కలిపాడు. బొబ్బిలి రంగారావు వెళ్లలేదు. ఈ రెండు సంస్థానాల మధ్య పాత పగలున్నాయి. బొబ్బిలివాళ్లు ఏటి నీళ్లు తమ పొలాలకి మళ్లించుకుంటారన్నది విజయనగరం ఫిర్యాదుల్లో ఒకటని రాబర్ట్ ఆర్మ్ రాశాడు. నీళ్ల తగువు, కులాల మధ్య పంతం, ఒకరి గడప ఒకరు తొక్కని ఆభిజాత్యం. ఫ్రెంచి ఫిరంగి రాకముందు కూడా ఇవన్నీ ఉన్నాయి. ఫిరంగి వచ్చాక వాటి అర్థం మారిపోయింది. ఏటి నీళ్ల దగ్గర తేలవలసిన తగువు కోటగోడల దగ్గరకొచ్చింది. బొబ్బిలిని ఖాళీ చేసి వేరేచోట భూములు తీసుకోమని వచ్చిన ప్రతిపాదనని రంగారావు ఒప్పుకోలేదు.

ఇలా రెండు ఐరోపా శక్తుల మధ్య నలిగిన నేల ఇదొక్కటే కాదు. అదే కాలంలో ఉత్తర అమెరికా ఈశాన్యంలో వాబనాకీ ప్రజలు ఒకవైపు ఫ్రెంచివాళ్లకీ, మరోవైపు ఇంగ్లీషువాళ్లకీ మధ్య తమ నదుల్నీ అడవుల్నీ కాపాడుకోవడానికి పోరాడుతున్నారు. ఎవరితో కలవాలి, ఎవరిని నమ్మాలి, ఏ ఒప్పందం ఎన్నాళ్లుంటుంది... సరిహద్దు మీద బతికేవాళ్లకి ఈ లెక్కలు తప్పవు. మన సర్కారుల్లోనూ అంతే. బొబ్బిలి పతనమైన ఏడాదే జూన్‌లో బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషు ఫ్యాక్టరీని పట్టుకున్నాడు. మరుసటేడు విజయనగరం ఆనంద గజపతిరాజు ఫ్రెంచివాళ్లని విడిచి ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫోర్డు సేన ఫ్రెంచివాళ్లని ఓడించింది. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం పడింది. అక్కడినుంచి 1794 జులై 10 పద్మనాభ యుద్ధం దాకా వస్తే, ఫ్రెంచి ఫిరంగులతో బొబ్బిలిని కూల్చిన వంశంలోని మరో విజయరామరాజు ఇంగ్లీషు కంపెనీ చేతిలోనే నేలకూలాడు. ఎవరి పక్కన నిలబడ్డా చివరికి మిగిలింది కంపెనీయే.

ఈ పెద్ద కథలో మన ప్రశ్నకి సంబంధించిన ముక్క ఆర్మ్ గ్రంథం రెండో సంపుటంలో ఉంది. అది అచ్చయింది 1778లో. ఆర్మ్ బొబ్బిలిని కళ్లారా చూసినవాడు కాడు. అప్పుడతను మద్రాసులో కంపెనీ కౌన్సిల్ సభ్యుడు. ఇతరుల కథనాలు విని రాశాడు. అతని కలంలో పాఠకుణ్ని విస్మయపరచాలన్న ఉబలాటం కూడా ఉంది. ఇవన్నీ గుర్తుపెట్టుకునే చదవాలి. అతను చెప్పేదిది. కోట నిలవదని తేలిపోయాక రంగారావు తన ముఖ్యుల్ని పిలిచాడు. పరాయి సైన్యం చేతిలో, విజయరామరాజు చేతిలో మన ఆడవాళ్లూ పిల్లలూ పడకూడదన్నాడు. కొందరికి ఆ పని అప్పగించాడు. వాళ్లు కాగడాలూ ఈటెలూ కత్తులూ పట్టుకుని ఇళ్ల మధ్యకెళ్లి నిప్పుపెట్టారు. మంటల్లోంచీ పొగలోంచీ తప్పించుకోబోయిన ప్రతి స్త్రీనీ ప్రతి బిడ్డనీ పొడిచేశారు.

దయచేసి చివరి వాక్యం దగ్గర ఆగండి. తప్పించుకోబోయిన స్త్రీలు. ఆ రోజు ఆ కోటలోని స్త్రీల ఇష్టాయిష్టాల గురించి ఆ పేజీల్లో ఏదైనా ఆనవాలు ఉందంటే అది ఇదొక్కటే. వాళ్లు ఏమన్నారో ఆర్మ్ చెప్పలేదు. వాళ్ల కాళ్లు ఎటు పరిగెత్తాయో మాత్రం చెప్పాడు, అదీ మగవాళ్ల కఠోర శౌర్యాన్ని వర్ణించే క్రమంలో యథాలాపంగా. ఒక వలస చరిత్రకారుడు పట్టించుకోకుండా వదిలేసిన ఆ ముక్కలో "మేం చావం" అనే మాట వినబడుతోంది. మన కథనాల్లోంచి ఊడిపోయింది సరిగ్గా ఆ ముక్కే.

ఎలా ఊడిపోయిందో ఆలోచిస్తే సాహిత్య విద్యార్థిగా నాకు కొన్ని సంగతులు తోస్తాయి. దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్ర' నుంచి జంగాల కథలు, షేక్ నాజర్ బుర్రకథ, శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి, వేదం వేంకటరాయశాస్త్రి నాటకాలు, 1964 నాటి 'బొబ్బిలి యుద్ధం' సినిమా, 1986 నాటి 'తాండ్ర పాపారాయుడు' దాకా ఈ కథకి తెలుగులో గొప్ప వంశావళి ఉంది. ఇన్ని తరాలు, ఇన్ని ప్రక్రియలు మారినా కథ రెండు మగ శిఖరాల మీదే నిలబడింది. ఒకటి రంగారావు పతనం, రెండోది మూడు రాత్రుల తరవాత విజయరామరాజు గుడారంలో జరిగిన హత్య. ఈ రెండిటి మధ్య స్త్రీల చావు ఒక వంతెన. అది జరిగితేనే పగకి న్యాయం సమకూరుతుంది. ఆ చావు హత్య అయితే పగ ఎవరి మీద తీర్చుకోవాలన్న ప్రశ్న వస్తుంది. పాపారాయుడి కత్తి గుడారం దాకా వెళ్లే ముందు ఇంకెక్కడైనా ఆగాలా అన్న అనుమానం వస్తుంది. అది త్యాగమైతే ఏ చిక్కూ లేదు. కథ నడవాలంటే స్త్రీలు ఒప్పుకుని తీరాలి. అందుకని మనం వాళ్ల చేత ఒప్పించాం.

ఆ ఒప్పుకోలు పలకడానికి ఒక గొంతు కావాలి. అందుకు మల్లమ్మ ఉంది. రంగారావు భార్యగా, పాపారాయుడి చెల్లెలిగా జనం మనసులో నిలిచిన మల్లమ్మ. సినిమాలో భానుమతి లాంటి నటి ఆ పాత్ర వేశాక ఆ తేజస్సుకి ఎదురు చెప్పడం ఎవరి తరం! కోటలో ఉన్న మిగతా స్త్రీలందరికీ కలిపి మన జ్ఞాపకంలో నిలిచిన పేరు ఆ ఒక్కటే. రాణి ధైర్యం చెప్పింది, కాబట్టి అందరూ ధైర్యంగానే వెళ్లారు. రాణి పరువే అందరి పరువు. రాణివాసంలో దాసీలుండి ఉంటారు, కోట లోపలి ఇళ్లలో సిపాయిల పెళ్లాలుండి ఉంటారు, పురిటి మంచంలో ఉన్నవాళ్లు, ఇంకా ఏ పరువు దేనికో తెలియని ఆడపిల్లలు ఉండి ఉంటారు. వాళ్లందరి తరపునా ఒక రాణి చేత ఒక డైలాగు చెప్పించి చేతులు దులుపుకున్నాం.

మాది పాత విశాఖ జిల్లా చోడవరం. 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. చెరకు తోటల మధ్య పెరిగిన ఊరు. పశ్చిమానికి చూస్తే మాడుగుల కొండలు, ఆ వెనక ఏజెన్సీ. నా పరిశోధన ఉత్తరాంధ్ర కథాగానాల మీద. ఆ పని మీద తిరుగుతూ రికార్డు చేసుకొచ్చిన బొబ్బిలి కథని ఒక సాయంత్రం ఇంట్లో వింటూ రాసుకుంటున్నాను. మంటల ఘట్టం వచ్చింది. పక్కనే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న నాయనమ్మ చేతులు ఆపి, "పెద్దోళ్ల మాట సరేనే, ఆ పసిగుంటల్ని అడిగేరేటే ఎవులైనా?" అంది. అని మళ్లీ పిక్కలు తీసుకుంటూ ఉండిపోయింది. ఆవిడ బడి మొహం చూసిన మనిషి కాదు. సమ్మతి గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఆ ప్రశ్న దగ్గరికే వస్తాయి. అడిగారా? ఎవర్నడిగారు? వద్దంటే వదిలేసేవారా?

ఇక్కడ నాకు ఎదురయ్యే వాదనలు రెండున్నాయి. రెండూ తేలిగ్గా కొట్టిపారేసేవి కావు.

మొదటిది భయానికి సంబంధించినది. కోట పడిపోయాక ఆ స్త్రీల గతి ఏమయ్యేది? గెలిచిన సైన్యం ఏం చేస్తుందో తెలియదా? యుద్ధంలో స్త్రీ శరీరం కూడా దోపిడీ సొమ్మేనని స్త్రీవాదులమైన మనమే కదా రాస్తూ వచ్చాం! ఆ నరకం తప్పించిన మగవాళ్లని తప్పుపట్టడమేమిటి?

ఈ భయం నిజమైనదే. కోటగోడలు పగలగొట్టిన ఫిరంగుల బాధ్యతని మాటమాత్రమైనా తగ్గించే ఉద్దేశం నాకు లేదు. శిస్తు కోసం వచ్చిన కంపెనీ లేకపోతే ఆ మంట లేదు. సరిహద్దు యుద్ధాల్లో స్త్రీలకీ పిల్లలకీ ఏ విలువ కట్టేవారో చూడాలంటే వాబనాకీల నేల దాకా వెళ్లిరావచ్చు. 1755 నవంబరులో, అంటే బొబ్బిలికి పద్నాలుగు నెలల ముందు, మసాచుసెట్స్ లెఫ్టినెంట్ గవర్నరు స్పెన్సర్ ఫిప్స్ పెనోబ్‌స్కాట్ ప్రజల మీద ఒక ప్రకటన జారీ చేశాడు. వాళ్లు వాబనాకీ సమాఖ్యలోని ఒక జాతి. పన్నెండేళ్లు దాటిన మగవాణ్ని ప్రాణాలతో పట్టిస్తే 50 పౌన్లు, తల చర్మం తెస్తే 40. స్త్రీని గానీ పన్నెండేళ్ల లోపు పిల్లవాణ్ని గానీ పట్టి తెస్తే 25, చంపి తల చర్మం తెస్తే 20. ప్రభుత్వమే పసిపిల్లల తలకి ధర కట్టి ప్రకటించిన కాలమది. ఆడదాని చావు మగవాడి చావులో సరిగ్గా సగం!

కాబట్టి భయానికి కారణం లేదని ఎవరూ అనలేరు. అయితే భయం ఒక నిర్ణయానికి కారణం చెప్తుంది గానీ ఆ నిర్ణయం ఎవరిదో చెప్పదు. బందీ అయితే ఏమవుతానో అన్న భయం ఆ స్త్రీది. ఆమె బందీ అయితే తన వంశానికేమవుతుందో అన్న భయం ఆమె మగవాడిది. ఈ రెండూ ఒకటి కావు. మొదటి భయంతో ఆమె పారిపోవచ్చు, దాక్కోవచ్చు, లొంగిపోయి బతకవచ్చు, చావనూవచ్చు. రెండో భయానికి ఒకటే పరిష్కారం. బొబ్బిలిలో అమలైంది రెండో భయం. తప్పించుకోబోయినవాళ్లని పొడవవలసి రావడమే దానికి సాక్ష్యం.

బందీ అయిన స్త్రీ జీవితం అక్కడితో ముగిసిపోతుందన్న నమ్మకం కూడా మనం అనుకున్నంత గట్టిది కాదు. 1704 ఫిబ్రవరి చివర్లో ఫ్రెంచివాళ్లూ, వాబనాకీలూ, మోహాక్‌లూ మరికొన్ని ఆదివాసీ జాతులూ కలిసి డీర్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు ఊరి మీద పడ్డారు. యూనిస్ విలియమ్స్ అనే ఏడేళ్ల పాదిరీగారి కూతుర్ని మోహాక్‌లు తీసుకుపోయారు. ఆమె వాళ్లలో పెరిగింది, వాళ్ల భాష మాట్లాడింది, వాళ్లలోనే పెళ్లాడింది. విడిపించుకురావడానికి తండ్రి చేసిన ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయి. ఆమె రానంది. తొంభై ఏళ్లకి దగ్గరపడే దాకా బతికి 1785లో అక్కడే పోయింది. వాబనాకీలు 1703లో వెల్స్ నుంచి తీసుకుపోయిన ఎస్తర్ వీల్‌రైట్ అనే మరో పిల్ల క్విబెక్ కాన్వెంటు చేరి, 1760లో ఆ మఠానికే అధిపతి అయింది. బందిఖానా సుఖమని నేనడం లేదు. ఏడేళ్ల పిల్లని తల్లి ఒడిలోంచి లాక్కుపోవడం దుర్మార్గమే. నేననేది ఒకటే. యూనిస్ "రాను" అన్న సంగతి మనకి తెలుసు, ఎందుకంటే ఆమె బతికింది. తండ్రి ఇష్టానికి భిన్నమైన ఇష్టం ఒకటి తనకుందని చూపించడానికి ఆమెకి ఒక జీవితకాలం దొరికింది. బొబ్బిలి ఆడపిల్లలకి అది దొరకలేదు. వాళ్లు ఏమనేవారో మనకి ఎప్పటికీ తెలియదు. తెలియకుండా చేసినదాన్నే మనం వాళ్ల అంగీకారం అంటున్నాం!

అదే సరిహద్దులో విగ్రహం దక్కినది ఎవరికో కూడా చూడండి. 1697లో వాబనాకీలు హానా డస్టన్ అనే బాలింతని బందీగా తీసుకుపోయారు. ఆమె చంటిబిడ్డని చంపేశారు. కొన్ని వారాల తరవాత ఆమె మరో ఇద్దరితో కలిసి నిద్రపోతున్న పదిమందిని చంపి, తల చర్మాలు ఒలిచి, తిరిగొచ్చి బహుమానం అందుకుంది. ఆ పదిమందిలో ఆరుగురు పిల్లలే. పందొమ్మిదో శతాబ్దంలో ఆమెకి విగ్రహాలు లేచాయి. చంపితే వీరనారి, చంపబడితే వీరనారి. పరాయివాళ్ల మధ్య ఎలాగో బతికి, పిల్లల్ని కని, ముసలిదై పోయిన స్త్రీని మాత్రం సొంతవాళ్లు పోగొట్టుకున్న సొత్తుగానే లెక్కేసుకున్నారు. ఖండాలు వేరైనా కొలత ఒకటే.

రెండో వాదన ఇంకా లోతైనది. అది నాలోంచే వస్తుంది. వాళ్లని చంపేశారు అంటే వాళ్లకున్న ఆ కాస్త గౌరవాన్నీ లాగేసుకున్నట్టు కాదా? స్త్రీలు ఎప్పుడూ బలిపశువులేనా? ఆ కోటలో నిజంగా చావునే ఎంచుకున్న స్త్రీ ఒక్కతైనా ఉండదా? ఉంటే ఆమె తెగువని నేను కాదనడం అహంకారం కాదా?

ఉండి ఉండవచ్చు. నేను కాదనలేను. ఆమె ఎంపిక ఆమెది, దాని ముందు తల వంచుతాను. కానీ ఒకరి తెగువ పక్కనున్నవాళ్ల మెడ మీదికి అనుమతి కాదు. తల్లి ఒప్పుకుంటే ఒళ్లో బిడ్డ ఒప్పుకున్నట్టు కాదు. రాణి ఒప్పుకుంటే దాసి ఒప్పుకున్నట్టు కాదు. సమ్మతి అనేది మనిషి మనిషికీ విడివిడిగా ఉండేది. ఒక సమూహం తరపున టోకుగా రాసిచ్చేది కాదు. పైగా సమ్మతి అనిపించుకోవాలంటే దానికి కాదనే దారి తెరిచి ఉండాలి. వద్దన్నా కత్తి, సరేనన్నా కత్తి అయినప్పుడు 'సరే' అనే మాటకి అర్థమేముంటుంది? కాబట్టి స్వచ్ఛందంగా చనిపోయారని చెప్పేవాళ్ల మీదే రుజువు భారం ఉండాలి. ఆ భారాన్ని ఇన్నాళ్లూ చచ్చిపోయినవాళ్ల మీద పెట్టాం. వద్దన్నట్టు దాఖలా లేదు కనక ఒప్పుకున్నారన్నాం. ఉన్న ఒక్క దాఖలానీ పట్టించుకోలేదు.

దేశ విభజన కాలపు జ్ఞాపకాలని సేకరించిన ఊర్వశీ బుటాలియా పుస్తకం (1998) చదివినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు. తమ ఇంటి స్త్రీలనీ పిల్లలనీ తమ చేతులతోనే నరికిన మగవాళ్లు 'చంపాం' అనే మాటని ఒప్పుకోలేదు. వాళ్లు అమరులయ్యారన్నారు. మాట మారితే చేసినవాడు వాక్యంలోంచి మాయమవుతాడు. సతి మీద జరిగిన వలస కాలపు చర్చల్లో స్త్రీ కర్తా కాదు, కర్మా కాదు, చర్చ జరగడానికి పరిచిన నేల మాత్రమేనని లతా మణి చూపించింది. బొబ్బిలిలోనూ అదే జరిగింది. ఈ దేశపు మగవాళ్లు ఎంత భయంకరులో, ఎంత ఉదాత్తులో అని విస్తుపోవడానికి ఆర్మ్‌కి ఆ శవాలు పనికొచ్చాయి. మన వీరత్వం ఎంత గొప్పదో చాటుకోవడానికి మనకి పనికొచ్చాయి. ఇద్దరూ వాళ్లని అడగలేదు.

ఆర్మ్ కథనంలో ఇంకొక మనిషున్నాడు. పోరు ముగిశాక ఒక ముసలివాడు ఒక పిల్లవాణ్ని తీసుకుని లా అనే ఫ్రెంచి అధికారి దగ్గరికొచ్చాడు. ఆ పిల్లవాడు రంగారావు కొడుకు. తండ్రి ఇష్టానికి విరుద్ధంగా తాను అతన్ని దాచి కాపాడానని చెప్పాడు. ఆ మనిషి పేరు ఆర్మ్ రాయలేదు. ఆజ్ఞ పాటించి పొడిచినవాళ్లు వీరులైన చోట, ఆజ్ఞ ధిక్కరించి ఒక ప్రాణం నిలబెట్టినవాడికి కనీసం పేరు లేదు. స్వామిభక్తి, శౌర్యం, పరువు అనే విలువలన్నీ ఒకవైపు నిలబడి చంపమన్నప్పుడు, చెయ్యి ఆపడానికి ఎంత ధైర్యం కావాలి! ఆ రోజు కోటలో అలా ఒక్క చెయ్యి ఆగినట్టు మనకి తెలుసు. అంటే ఆపడం సాధ్యమే. ఆ కాలపు ధర్మం అది, మరో దారి లేదు అనే సమర్థనకి ఆ ముసలివాడే జవాబు. అతనూ ఆ కాలపు మనిషే.

అయితే అతను దాచింది కూడా మగబిడ్డనే, వారసుణ్నే. ఏ దాసి కూతుర్నీ ఎవరూ మోసుకొచ్చినట్టు ఆ పేజీల్లో లేదు. ఆ ధిక్కారంలో జాలి ఎంత, వంశం మీద మమకారం ఎంత అని విడదీసి చెప్పలేం. కానీ మనిషి చేసే మంచి పనులు చాలామటుకు ఇలాగే ఉంటాయి. మొత్తానికి బొబ్బిలి వంశం నిలిచింది చంపినవాళ్ల వల్ల కాదు, చంపనివాడి వల్ల.

ఇదంతా ఇప్పుడెందుకు అని అడగవచ్చు. మాట్లాడని స్త్రీల మౌనాన్ని అంగీకారంగా చదివే అలవాటు కథల్లోనే ఉండిపోలేదు కనక. 1972లో మహారాష్ట్రలో పోలీసు స్టేషన్‌లో మథుర అనే ఆదివాసీ అమ్మాయి మీద అత్యాచారం జరిగింది. ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించిన గుర్తులు లేవు కాబట్టి ఆమె సమ్మతించినట్టేనని సుప్రీంకోర్టు అంది. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి రాసిన బహిరంగ లేఖ, దేశమంతా స్త్రీలు చేసిన ఉద్యమం 1983లో చట్టాన్ని కొంత మార్చాయి. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్న చిన్న తేడాని చట్టానికి నేర్పడానికి అంత పోరాటం కావలసి వచ్చింది.

ఇంకా దగ్గరికి వస్తాను. మా చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు వెళ్లే ఘాట్ రోడ్డు ఎక్కితే ఏజెన్సీ మొదలవుతుంది. కంపెనీ కాలం నుంచీ ప్రభుత్వాలు సాయుధులతోనే కలిసిన సరిహద్దు అది. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో గాలింపుకొచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. వాళ్లు ప్రాణాలతో మిగిలారు. నోరు విప్పారు. ఊళ్లో చెప్పారు, అధికారులకి చెప్పారు, కోర్టులో చెప్పారు. పదహారో ఏట, 2023 ఏప్రిల్ 6న, విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం విచారణ ఎదుర్కొన్న పదమూడు మంది పోలీసుల్నీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు అధికారులు సరిగా దర్యాప్తు చేయలేదని చెప్పి, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు గుండె బరువెక్కుతుంది. ఒకచోట ఒక్క మాటైనా మాట్లాడని స్త్రీలు "మేం ఇష్టపడే చచ్చాం" అన్నారని రెండున్నర శతాబ్దాలుగా నమ్ముతున్నాం. మరోచోట నోరు తెరిచి చెప్పిన స్త్రీల మాటకి సాక్ష్యం చాలలేదంటున్నాం. చచ్చిపోయిన రాణి నోట మనం పెట్టిన మాటకి ఏ రుజువూ అక్కర్లేదు. బతికున్న ఆదివాసీ స్త్రీ మాటని నిలబెట్టవలసిన దర్యాప్తే సరిగా జరగదు. కోర్టుకి సాక్ష్యపు నియమాలుంటాయి, వాటిని నేను తక్కువ చేయను. నా ప్రశ్న కోర్టుకి కాదు, మన నమ్మకాలకి. మనం ఏ స్త్రీ మాటని సులువుగా నమ్ముతున్నాం? మన పరువుకి అక్కరకొచ్చే మాటని. ఏ స్త్రీ మాటకి కొలబద్దలు తీస్తున్నాం? మన పరువుకి అడ్డొచ్చే మాటకి.

బొబ్బిలి కథ పాడకూడదని నేననను. ఆ కథ ఈ నేల జ్ఞాపకం. దాన్ని పాడి పొట్టపోసుకున్న కళాకారుల శ్రమ మీద నాకు గౌరవం ఉంది. పరాయి ఫిరంగికి తలవంచని మొండితనం మీద ప్రేమా ఉంది. రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం మనం చేయగలిగింది చిన్నది. వాక్యాన్ని సరిచేయడం. "కోట పడిపోతున్నప్పుడు, ఫ్రెంచి ఫిరంగులు బయట పేలుతుండగా, లోపల ఉన్న మగవాళ్లు తమ ఆడవాళ్లనీ పిల్లలనీ చంపారు. కొందరు తప్పించుకోబోయారు." ఈ వాక్యంలో వీరత్వం తగ్గుతుందని బాధపడేవాళ్లుంటారు. కానీ ఇందులో పరిగెత్తిన స్త్రీలున్నారు. వాళ్లు ఎవరి కోసమూ, ఏ పరువు కోసమూ కాకుండా తమ ప్రాణం కోసం పరిగెత్తారు. వాళ్ల ఇష్టం అంటూ మనకి తెలిసింది అదొక్కటే. ముందు దాన్ని నమ్ముదాం.